అప్, ఆఫ్, అవుట్: చిన్న మాటల పనితనం

ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీసిన మనిషి నోట తరచూ వచ్చే వాక్యం ఒకటుంది: “వియ్ హావ్ రన్ అవుట్ ఆవ్ మిల్క్.” పాలు అయిపోయాయి అని అర్థం. ఇందులో ‘రన్’ ఉంది గానీ పరుగెత్తినవాళ్లు లేరు. ‘అవుట్’ ఉంది గానీ ఎవరూ బయటికి పోలేదు. రెండూ కలిశాక పుట్టిన అర్థం విడివిడిగా దేనిలోనూ దొరకదు. ఇదే మాటను “ది మిల్క్ హాజ్ రన్ అవుట్” అని పాలనే కర్తగా పెట్టి కూడా చెప్పొచ్చు. పాలు కర్తయితే ‘ఆవ్’ అక్కర్లేదు. మనం కర్తలమైతే ‘ఆవ్’ వచ్చి పాలను అందుకుంటుంది. (ఇక్కడ ‘ఆవ్’ అని రాస్తున్నది ఒక్క ఎఫ్ ఉన్న మాట. రెండు ఎఫ్‌ల ‘ఆఫ్’ వేరు, దాని సంగతి ముందుంది.) తొందరలో ఉన్నవాళ్లు “వియ్ ఆర్ అవుట్ ఆవ్ మిల్క్” అని ఊరుకుంటారు. ‘రన్’ ఎగిరిపోయింది, అర్థం అలాగే ఉంది. దీన్నిబట్టి అసలు బరువు మోస్తున్నది క్రియ కాదనీ, దాని వెనక నిలబడ్డ చిన్న మాట అనీ తెలిసిపోతుంది.

ఇలా మామూలు క్రియ ఒకటీ చిన్న మాట ఒకటీ కలిసి కొత్త అర్థం ఇస్తే ఆ జంటను ఫ్రేజల్ వెర్బ్ అంటారు. వెనక నిలబడే మాటకు వ్యాకరణంలో పార్టికల్ అని పేరు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరును అచ్చులోకి తెచ్చినవాడు లోగన్ పియర్సల్ స్మిత్. 1925లో వచ్చిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంలో దాన్ని వాడుతూ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ తనకు ఆ పేరు సూచించాడని చెప్పుకున్నాడు. పేరుకు నూరేళ్ల వయసే గానీ, సరుకు చాలా పాతది. ఏ పండితుడూ కూర్చుని తయారు చేసింది కాదు. పొలాల్లో, వంటిళ్లలో, సంతల్లో, ఓడల మీద మాట్లాడుకున్నవాళ్లు తరతరాలుగా చెక్కుకుంటూ వచ్చింది.

మన స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఇవి జాబితాలుగా కనిపిస్తాయి. ఎడమపక్క ‘గివ్ అప్’, కుడిపక్క ‘మానుకొను’. కింద ‘గివ్ ఇన్’, దాని పక్కన ‘లొంగిపోవు’. పోటీ పరీక్షల పిల్లలు వరసపెట్టి బట్టీ కొడతారు. మార్కులు వస్తాయి, మాట నోటికి రాదు. నా ఉద్దేశంలో ఇందులో పిల్లల తప్పేం లేదు. జాబితాలో పెట్టగానే ఈ మాటల పనితనం కనబడకుండా పోతుంది. మంచి వడ్రంగి పనిలో అతుకు ఎక్కడుందో చూడాలంటే వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. ఇవీ అంతే, వాక్యంలో పెట్టి తిప్పి చూడాలి.

పెళ్లి విషయమే తీసుకుందాం. “ది వెడ్డింగ్ హాజ్ బీన్ పుట్ ఆఫ్” అంటే ముహూర్తం వాయిదా పడింది. “ది వెడ్డింగ్ హాజ్ బీన్ కాల్డ్ ఆఫ్” అంటే పెళ్లే ఆగిపోయింది. ఒక్క క్రియ తేడాకు ఒక ఇంట్లో మళ్లీ పంచాంగం తీస్తారు, ఇంకో ఇంట్లో అచ్చేయించిన శుభలేఖలు పక్కన పడేస్తారు. రెండు వాక్యాల్లోనూ ఉన్నది రెండు ఎఫ్‌ల ‘ఆఫ్’. ఉన్నచోటు నుంచి ఎడంగా జరగడం అనే ఒక్క సంగతే అది చెబుతుంది. ‘పుట్’ అంటే పెట్టడం. తేదీని తీసి దూరంగా పెట్టారు, అది ఎక్కడో ఒకచోట ఉంది. ‘కాల్’ అంటే పిలవడం. మీద పడబోయే కుక్కల్ని వెనక్కి పిలిచి ఆపేయడాన్ని ఇప్పటికీ ‘కాల్ ఆఫ్’ అనే అంటారు. పెళ్లినీ అలాగే వెనక్కి పిలిచేశారు, ఇక అక్కడ ఏమీ లేదు. మన పత్రికలు సమ్మె విరమించారని రాసేచోట ఇంగ్లీషు పత్రికలు ‘కాల్డ్ ఆఫ్’ అని రాసేది ఇందుకే. ఇక “హిజ్ మ్యానర్స్ పుట్ మి ఆఫ్” అంటే అతని తీరు చూసి నాకు మనసు విరిగింది అని. పెళ్లిలో దూరం జరిగింది తేదీ, ఇక్కడ దూరం జరిగింది నేను. ఆఫ్ చేసే పని మాత్రం మారలేదు.

ఆఫ్ పనితనం ఇంకా బాగా తెలియాలంటే ‘గో ఆఫ్’ను చూడాలి. “ది లైట్స్ వెంట్ ఆఫ్” అంటే దీపాలు ఆరిపోయాయి. “ది అలారం వెంట్ ఆఫ్” అంటే అలారం మోగింది. మన పిల్లలు తప్పకుండా తడబడే చోటు ఇది. ఆఫ్ అంటే ఆగిపోవడం కదా, మరి అలారం ఆగాల్సింది పోయి మోగడమేమిటి? “ది బాంబ్ వెంట్ ఆఫ్” అంటే బాంబు పేలింది. “ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్” అని బ్రిటన్‌లో అంటే పాలు విరిగిపోయాయని. నాలుగు వాక్యాలు, నాలుగు అర్థాలు. జాబితాలో పెడితే నాలుగు వేర్వేరు గుదిబండలు.

ఇప్పుడు ప్రతి వాక్యంలోనూ, దేన్ని వదిలి వెళ్లింది అని అడగండి. దీపం వెలుగుతున్న స్థితిని వదిలింది. అలారం చప్పుడు లేకుండా కాచుకుని ఉన్న స్థితిని వదిలింది. బాంబూ అంతే, బిగబట్టి ఉన్నంతసేపూ బాగానే ఉంది, ఆ బిగువు వదిలిందంటే పేలుడే. పాలు బాగున్న స్థితిని వదిలాయి. ఆఫ్ ఎక్కడా మాట తప్పలేదు. ఏ వస్తువుకు ఏది సహజస్థితో తేల్చే పని వినేవాడి లోకజ్ఞానానికి వదిలేసింది. దీపం వెలుగుతుందనీ, అలారం నిశ్శబ్దంగా కాచుకుంటుందనీ అందరికీ తెలుసు కాబట్టి ఆ ఒక్క మాట సరిపోతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేయించుకున్న భాషను మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

ఇక ‘అప్’. నేర్చుకునేవాళ్లను దీనంత తికమక పెట్టేది లేదు. పైకి అనే అర్థంలో ఇబ్బంది లేదు. “ప్రైసెస్ వెంట్ అప్” అంటే ధరలు పెరిగాయి. పెరగడాన్ని పైకి పోవడంగా చూడటం మనకూ ఉంది, ‘ధరలు ఆకాశాన్నంటాయి’ అనే కదా అంటాం. కానీ “ఈట్ అప్ యువర్ రైస్” అన్నప్పుడు అన్నం పైకి పోదు. ఇక్కడి అప్ పని పూర్తి కావడాన్ని చెబుతుంది. “షి టోర్ హర్ స్లీవ్” అంటే జాకెట్టు చేయి మేకుకు తగిలి కాస్త చిరిగి ఉండొచ్చు. “షి టోర్ అప్ ది లెటర్” అంటే ఉత్తరం ముక్కలు ముక్కలైంది, ఇక చదవడానికి మిగల్లేదు. ‘యూజ్’ అంటే వాడటం, ‘యూజ్ అప్’ అంటే మిగలకుండా వాడేయడం. ‘డ్రింక్’ అంటే తాగడం, ‘డ్రింక్ అప్’ అంటే గ్లాసు ఖాళీ చేయడం.

తెలుగువాళ్లకు ఈ అప్ కొత్తదేమీ కాదు. ‘తిను’ వేరు, ‘తినేయ్’ వేరు. ‘చించాడు’ వేరు, ‘చించేశాడు’ వేరు. మన ‘ఏయ్’లో ఉన్నది ‘వేయు’ అనే క్రియ. తినేశాడు అన్నప్పుడు ఎవరూ దేన్నీ ఎక్కడా వేయలేదు, పని ముగిసిందని మాత్రం చెప్పాం. అయిపోయింది, చెడిపోయింది, ఆరిపోయింది అన్నప్పుడు ‘పోవు’ చేసే పనీ అలాంటిదే. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ‘గంటసేపు తిన్నాడు’ అంటే సరిగ్గా ఉంటుంది. ‘గంటసేపు తినేశాడు’ అంటే చెవికి అడ్డం తగులుతుంది. ‘గంటలో తినేశాడు’ అంటే మళ్లీ సర్దుకుంటుంది. ఇంగ్లీషులోనూ అచ్చం అంతే. “హి ఏట్ ఫర్ ఏన్ అవర్” బాగుంది. “హి ఏట్ అప్ ది రైస్ ఫర్ ఏన్ అవర్” అంటే ఇంగ్లీషువాడు మొహం చిట్లిస్తాడు. “ఇన్ ఏన్ అవర్” అంటే ఒప్పుకుంటాడు. చివర ఉన్న పనికి ‘సేపు’ కుదరదు, ‘లో’ కుదురుతుంది. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే అవసరానికి ఒకే చోట కొసమాట తగిలించుకున్నాయి. తేడా అల్లా, తెలుగు మరో క్రియను తెచ్చుకుంది, ఇంగ్లీషు ఒక దిక్కును తెచ్చుకుంది. మన సహాయక క్రియల తీరు తెలుసుకోవాలనుకునేవాళ్లకు భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు’ ఉంది. అది 1985లో వచ్చింది. ఫ్రేజల్ వెర్బులు నేర్చుకునే తెలుగువాళ్లు ముందు తమ భాషలోని ఈ పనిని గమనిస్తే సగం దారి వచ్చినట్టే అని నా నమ్మకం.

పూర్తి కావడాన్ని చెప్పడానికి అప్ ఒక్కటే లేదు. “ది హౌస్ బర్న్డ్ డౌన్” అంటారు, “ది పేపర్స్ బర్న్డ్ అప్” అంటారు. రెండూ పూర్తిగా కాలిపోవడమే. ఇల్లు నిలబడి ఉండే వస్తువు, కాలితే నేలమట్టమవుతుంది, అందుకని డౌన్. కాగితాలు మంటతో, పొగతో పైకి లేచిపోతాయి, అందుకని అప్. చూసినదాన్ని చూసినట్టు చెప్పిన కళ్లు ఈ మాటల వెనక ఉన్నాయి.

అప్‌లో ఇంకో పొర ఉంది: సిద్ధపడటం. గుర్రానికి జీను వేసుకుని బయల్దేరితే ‘శాడిల్ అప్’, పనికి సన్నద్ధమైతే ‘గేర్ అప్’. ఈ మూస ఇప్పటికీ సజీవం. పోలీసులు పిలిస్తే వకీలును పెట్టుకోవడాన్ని అమెరికాలో ‘లాయర్ అప్’ అంటున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ‘మాస్క్ అప్’ అన్న పిలుపు ఊరూరా వినిపించింది. మాస్క్ అనే నామవాచకం పక్కన అప్ చేర్చగానే ‘మాస్కు పెట్టుకుని సిద్ధంగా ఉండండి’ అన్న ఆజ్ఞ తయారైంది. అప్పటిదాకా ఆ జంటను విననివాళ్లకు కూడా ఎవరూ అర్థం చెప్పాల్సిన పని పడలేదు. బట్టీ పట్టిన సరుకైతే ఇలా కొత్త కొమ్మలు వేయదు.

ఇప్పుడు ఈ నిర్మాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. అది మాటల వరస. పిల్లాణ్ని ఎత్తుకోమని చెప్పడానికి “పిక్ అప్ ది చైల్డ్” అనొచ్చు, “పిక్ ది చైల్డ్ అప్” అనొచ్చు. రెండూ సరైనవే. కానీ పిల్లాడి బదులు ‘వాణ్ని’ అనే సర్వనామం పెడితే “పిక్ హిమ్ అప్” ఒక్కటే నిలుస్తుంది. “పిక్ అప్ హిమ్” అని ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో చిన్నపిల్లలు కూడా అనరు. ఎందుకని? ఇంగ్లీషు వాక్యంలో చివరి చోటు గౌరవమైనది. కొత్త సంగతి, బరువైన సంగతి అక్కడ కూర్చుంటుంది. ‘వాడు’ ఎవరో ముందే తెలుసు, ఊనిక అక్కర్లేదు. అందుకని సర్వనామం మధ్యలో ఒదిగిపోతుంది, ఊనిక అప్ మీద పడుతుంది. కర్మ బాగా పొడుగైతే ఇందుకు తలకిందులు. “టర్న్ డౌన్ ది ఆఫర్ దట్ హి మేడ్ లాస్ట్ వీక్” అనాలే తప్ప, టర్న్ తర్వాత అంత బారు మాట నడిపించి చివర ఒంటరిగా డౌన్ తగిలిస్తే వినేవాడికి ఊపిరాడదు. తేలికైనది లోపల, బరువైనది చివర. ఈ ఏర్పాటును బడికి పోనివాడూ తప్పడు.

ఈ వరస ఒక్కటి చూసి మాటల లోపలి కట్టడాన్ని పట్టుకోవచ్చు. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవాళ్లు వాడే పాత జంట ఒకటుంది: “హి రాన్ అప్ ఎ బిగ్ బిల్”, “హి రాన్ అప్ ఎ బిగ్ హిల్.” ఒక్క అక్షరం తేడా. మొదటిది, పెద్ద బిల్లు చేశాడని. రెండోది, పెద్ద కొండ ఎక్కుతూ పరుగెత్తాడని. పైకి చూస్తే ఒకే కట్టడం. సర్వనామం పెట్టి కదిపితే రెండూ విడిపోతాయి. బిల్లుకు “హి రాన్ ఇట్ అప్”, కొండకు “హి రాన్ అప్ ఇట్.” బిల్లు వాక్యంలో అప్ క్రియతో ముడిపడింది, కొండ వాక్యంలో అప్ కొండతో ముడిపడింది. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అన్నప్పుడు ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకపోవడానికి కారణమూ ఇదే. అక్కడి ఆఫ్టర్ ఆమెను పట్టుకుని ఉంది, ఆమెను దాటి పోలేదు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో నూటికి తొంభైమంది ఈ నియమాన్ని మాటల్లో చెప్పలేరు. పొరపాటున కూడా తప్పరు.

మూడు మాటలవాటిలోనూ ఈ క్రమం కనిపిస్తుంది. ‘పుట్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’, ‘లుక్ డౌన్ ఆన్’. ముందు క్రియతో ముడిపడ్డ మాట, తర్వాత కర్మను అందుకునే మాట. ‘గెట్ అవే విత్’ను చూడండి. “హి గాట్ అవే విత్ ఇట్” అంటే తప్పు చేసి కూడా శిక్ష పడకుండా బయటపడ్డాడు. గెట్ అవే అంటే తప్పించుకుపోవడం, విత్ అంటే చేసిన పనిని చేతిలో పట్టుకునే. దొరక్కుండా, దక్కించుకున్నది వదలకుండా పోయాడన్నమాట. ఈ అర్థానికి ఇంగ్లీషులో కూడా సాటి వచ్చే ఒంటి మాట లేదు. ఉత్తరాల చివర రాసే ‘లుక్ ఫార్వర్డ్ టు’ కూడా ఈ కోవదే. దానిలోని ‘టు’ కర్మను అందుకునే మాట కాబట్టి “టు హియరింగ్ ఫ్రమ్ యు” అని రాయాలి. ‘టు హియర్’ అని రాస్తే తప్పు. ఉద్యోగ దరఖాస్తు రాసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

చెవితో పట్టుకోవాల్సిన పని ఇంకోటి ఉంది. “ది ప్లేన్ టుక్ ఆఫ్” అన్నప్పుడు గొంతు ఆఫ్ మీద లేస్తుంది. అదే ‘టేకాఫ్’ అని నామవాచకం చేస్తే గొంతు టేక్ మీద లేస్తుంది. అక్షరాలు అవే, ఊనిక చోటు మార్చుకుని క్రియ కాస్తా పేరైపోయింది. ఇలా పేర్లయిన జంటలు తెలుగులోకి ఎన్ని వచ్చి చేరాయో చెప్పలేం. పోలీస్ స్టేషన్‌లో లాకప్, సినిమా హాలు ముందు కటౌట్, అసెంబ్లీలో వాకౌట్, ఫ్యాక్టరీ గేటుకు లాకౌట్, రియల్ ఎస్టేట్‌లో లేఅవుట్, క్రికెట్‌లో రనౌట్, ఫాలో ఆన్, బండికి పికప్, నాటకానికి మేకప్, అయిదారేళ్ల కిందట లాక్‌డౌన్. ఇంగ్లీషు రాని అవ్వ కూడా కటౌట్ అంటుంది, మేకప్ అంటుంది. అంటే ఫ్రేజల్ వెర్బుల పంట మన నోళ్లలో ఎప్పటినుంచో ఉంది. మనం పేర్లను తెచ్చుకున్నాం, వాటిని కన్న క్రియలను మాత్రం ఆ భాషలోనే వదిలేశాం.

వీటి చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. పాత ఇంగ్లీషులో ఇలాంటి చిన్న మాటలు ఎక్కువగా క్రియకు ముందు అతుక్కుని ఉండేవి. ‘అప్‌హోల్డ్’, ‘ఓవర్‌కమ్’, ‘విత్‌డ్రా’ అలాంటి కట్టడానికి గుర్తులు. మధ్యయుగంలో ఆ ఉపసర్గలు బలం కోల్పోయి, చిన్న మాటలు క్రియ వెనక్కి చేరాయి. ఒకే రెండు మాటలు ముందు వెనకలై వేరే అర్థాలు ఇచ్చే జంటలు ఈ మార్పు వల్లే మిగిలాయి. ‘లుక్ ఓవర్’ అంటే ఒకసారి పరికించి చూడటం, ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం. ‘టేక్ ఓవర్’ అంటే బాధ్యత చేతిలోకి తీసుకోవడం, ‘ఓవర్‌టేక్’ అంటే దాటిపోవడం. ‘సెట్ అప్’ అంటే నిలబెట్టడం, ‘అప్‌సెట్’ అంటే పడగొట్టడం.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టుకూ దర్బారుకూ ఫ్రెంచి మాటలు వచ్చాయి. చర్చికీ చదువులకూ లాటిన్ ఎలాగూ ఉంది. ఇంట్లో, పనిలో మాత్రం పొట్టి క్రియలే మిగిలాయి. అందుకే ఇంగ్లీషులో చాలా పనులకు రెండేసి మాటలున్నాయి. ఆఫీసు గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ మీద ‘ఫైర్ ఎక్స్‌టింగ్విషర్’ అని ఉంటుంది. నిజంగా మంటలు లేచినప్పుడు పరుగెత్తే మనిషి అరిచేది మాత్రం “పుట్ ఇట్ అవుట్!” అనే. మనం ఇంగ్లీషును పుస్తకం నుంచి నేర్చుకున్నవాళ్లం కాబట్టి సిలిండర్ మీది మాట మనకు ముందు వచ్చింది. ‘టాలరేట్’ తెలుసు, ‘పుట్ అప్ విత్’ తడుముకుంటాం. ‘ఇన్వెస్టిగేట్’ రాస్తాం, ‘లుక్ ఇంటూ’ నోటికి రాదు. ఫలితంగా మన ఇంగ్లీషు చాలాసార్లు తప్పు లేకుండానే బిగుసుకుపోయి వినిపిస్తుంది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో రోజూ విదేశీ కాల్స్‌లో ‘రోల్ అవుట్’, ‘రోల్ బ్యాక్’, ‘సైన్ ఆఫ్’, ‘హ్యాండ్ ఓవర్’ వింటున్న తరం ఈ బిగువును వదిలించుకుంటోంది. వాళ్లకు ఇవి జాబితాలోంచి రాలేదు, పనిలోంచి వచ్చాయి.

మనవాళ్లు సొంతంగా కట్టుకున్నవీ ఉన్నాయి. “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019” అని తెలుగు యువకుడు చెబితే అమెరికన్‌కు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయాడని వినిపించొచ్చు. కానీ ఇది మనం ఉత్తినే కల్పించింది కాదు. బ్రిటిష్ సైనిక విద్యాలయాల్లో శిక్షణ ముగించడాన్ని ‘పాస్ అవుట్’ అనేవారు, ఇప్పటికీ అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో జరిగేదీ పాసింగ్ అవుట్ పరేడే. ఇంగ్లీషు టీచర్లు ఎర్ర సిరాతో కొట్టేసే ‘కోప్ అప్ విత్’ను కూడా నేను వెటకారం చేయను. ప్రామాణిక ఇంగ్లీషులో ‘కోప్ విత్’ చాలు, అప్ అక్కర్లేదు. అయినా కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్, పుట్ అప్ విత్ అనే మూడు అన్నదమ్ముల్ని చూసి నాలుగోదాన్ని ఊహించిన చెవి మొద్దు చెవి కాదు. రాతలో దిద్దుకోవాలి, ఆ చెవిని మాత్రం కాపాడుకోవాలి.

ఈ పనితనాన్ని గుర్తించి కాగితం మీద పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు వెలువరిస్తూ, క్రియ వెనక చేరే ఈ చిన్న మాటల దగ్గర పరాయి దేశస్తులు ఎక్కువగా ఇబ్బంది పడతారని ముందుమాటలోనే గుర్తించాడు. వాటిని శ్రద్ధగా పోగుచేశానని చెప్పుకున్నాడు. ఒక్క మనిషి, కొద్దిమంది సహాయకులు, కంప్యూటర్ లేని కాలం. ఆ పని ఇప్పటికీ తరగలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొత్త సంచికకు ‘రన్’ అనే ఒక్క క్రియను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. ఆరు వందలకు పైగా అర్థాలు తేలాయి. రన్ అప్, రన్ డౌన్, రన్ అవుట్, రన్ ఓవర్, రన్ ఇంటూ, రన్ త్రూ… ఈ జంటలన్నీ ఆ క్రియ కిందికే వస్తాయి మరి.

నేర్చుకునేవాళ్ల కోసం చేసిన పనుల్లో నా మెప్పు అంతా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నడిపించిన కోబిల్డ్ బృందానికి. వాళ్లు కాలిన్స్ ప్రచురణ సంస్థతో కలిసి, పుస్తకాల నుంచీ పత్రికల నుంచీ సంభాషణల నుంచీ లక్షలాది మాటల నిజమైన వాడుకను కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాని మీద నిఘంటువులు కట్టారు. మొదటిది 1987లో వచ్చింది, ఫ్రేజల్ వెర్బుల నిఘంటువు 1989లో. మూడు వేలకు పైగా జంటలు, అయిదున్నర వేలకు పైగా అర్థాలు. ఉదాహరణలు వాడుకలోంచి తీసుకున్నవే. అర్థం చెప్పే పద్ధతిలో ఉంది అసలు గొప్పతనం. మాట ఎదురుగా మాట పెట్టరు, పూర్తి వాక్యం రాస్తారు. ‘మీరు ఒకదాని విషయంలో ఇలా చేస్తే’ అన్న ధోరణిలో మొదలవుతుంది వివరణ. కర్తగా మనిషి రావాలా, వస్తువు రావాలా, కర్మ ఎలాంటిది, చిన్న మాట ఎక్కడ నిలబడుతుంది, ఇదంతా ఆ వివరణ వాక్యం కట్టడంలోనే కనిపిస్తుంది. పాలు అయిపోయాయి అన్న వాక్యానికి రెండు కర్తలు ఉండటం చూశాం కదా, అలాంటి తేడాను విడిగా నియమం చెప్పకుండా వాక్యంతోనే చూపిస్తారు. ఇక పుస్తకం చివర పార్టికల్ సూచిక ఉంది. అప్ కిందికి ఏమేం వస్తాయి, ఆఫ్ కిందికి ఏమేం వస్తాయి అని అర్థాల వారీగా గుంపులు కట్టి పెట్టారు. క్రియల వరసలో చూస్తే గజిబిజిగా ఉన్నది ఆ పుటల్లో తేటపడుతుంది.

ఇంచుమించు అదే కాలంలో, 1981లో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సూసన్ లిండ్నర్ అనే పరిశోధకురాలు అవుట్, అప్ అనే రెండు మాటల మీదే పెద్ద సిద్ధాంతవ్యాసం రాసింది. ఆ చిన్న మాటలకు సొంత అర్థం ఉందనీ, ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి దారులున్నాయనీ ఓపికగా చూపించింది. రెండు మాటల కోసం అంత శ్రమా అనిపించొచ్చు. అలారం మోగడానికీ దీపం ఆరడానికీ ఒకే ఆఫ్ ఎలా సరిపోయిందో ఇంతకుముందు చూశాం. అలాంటి చూపు మనకు అందింది ఇలాంటివాళ్ల శ్రమ వల్లే.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న తెలుగు పాఠకులకు నాదొక మనవి. నోట్‌బుక్‌లో నిలువు గీత గీసి ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క తెలుగు రాసుకోవడం మానేయండి. ఒక పేజీ పైన ‘ఆఫ్’ అని, ఇంకో పేజీ పైన ‘అప్’ అని రాసుకోండి. విన్నప్పుడల్లా, చదివినప్పుడల్లా పూర్తి వాక్యాన్ని ఆ పేజీలోకి ఎక్కించండి. ఎవరన్నారు, దేని గురించి అన్నారు అన్నది కూడా రాయండి. ఆ వాక్యంలో ‘ఇట్’ పెట్టి, అది ఎక్కడ కూర్చుంటుందో చూడండి. పేజీ నిండేసరికి ఆ చిన్న మాట చేసే పని మీకే కనబడటం మొదలవుతుంది. అప్పుడు కొత్త జంట ఎదురైనా నిఘంటువు తెరవకముందే సగం అర్థం ఊహిస్తారు. మిగతా సగానికి కోబిల్డ్ ఉంది. పాత సంచిక దొరికినా కొనుక్కోండి.